రాజును బేరిపండు చేసిన రాయి

1830 ఆగస్టులో ఫ్రాన్స్ రాజ్యాంగ పత్రంలోకి ఒక మాట ఎక్కింది. సెన్సార్‌ను ఇక ఎన్నటికీ తిరిగి తీసుకురాకూడదని. అంతకు కొద్ది రోజుల ముందే, జూలై 27, 28, 29 తేదీల్లో, పారిస్ జనం వీధులకు అడ్డుకట్టలు కట్టి పదో షార్ల్ రాజును గద్దె దింపారు. పత్రికల నోరు నొక్కడానికి ఆ రాజు తెచ్చిన ఉత్తర్వులతోనే గొడవ మొదలైంది. కాబట్టి ఆ తర్వాత వచ్చిన లూయీ ఫిలిప్ రాజు ఆ హామీని మెట్టుగా చేసుకునే సింహాసనం ఎక్కాడు.

ఐదేళ్ళకే, 1835 సెప్టెంబరులో, అదే ప్రభుత్వం బొమ్మల మీద సెన్సార్ పెట్టింది. మాట తప్పుతున్నారు కదా అన్న ప్రశ్నకు న్యాయశాఖ మంత్రి పెర్సీల్ ఇచ్చిన జవాబు ఈ చరిత్ర మొత్తానికీ తాళంచెవి లాంటిది. రాజ్యాంగం కాపాడేది అభిప్రాయాలను మాత్రమే, బొమ్మ అభిప్రాయం దగ్గర ఆగదు, అది నేరుగా కళ్ళతో మాట్లాడి జనాన్ని రెచ్చగొడుతుంది, అందుకని దాన్ని ఒక చర్య కిందే లెక్కగట్టాలి. ఆయన వాదన సారాంశం ఇది.

ఈ వాదనలో న్యాయం లేదు. భయం మాత్రం అచ్చమైన భయం. కొన్ని కాగితాల మీది నల్లటి గీతలకు ఒక రాజ్యం ఎందుకు అంత బెదిరిపోయిందో తెలియాలంటే ముందు రాయి సంగతి చూడాలి.

1790ల చివర్లో బవేరియాలో ఆలోయిస్ జెనెఫెల్డర్ అనే ఆయన సున్నపురాయి నుంచి అచ్చు తీసే పద్ధతి కనిపెట్టాడు. జిడ్డుకీ నీళ్ళకీ పడదు. లిథోగ్రఫీ అంతా ఆ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. నున్నగా అరగదీసిన రాతిపలక మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీస్తారు. జిగురులో కొద్దిగా యాసిడ్ కలిపి పూసి, బొమ్మను రాతికి పట్టిస్తారు. తర్వాత రాతిని తడిపి సిరా రోలర్ దొర్లిస్తే తడి ఉన్నచోట సిరా అంటదు, గీత ఉన్నచోటే అంటుతుంది. పైన కాగితం పరిచి ప్రెస్‌లో గట్టిగా నొక్కితే బొమ్మ దిగిపోతుంది. మన పాత ఇళ్ళ గోడల మీద కనిపించే రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలు కూడా ఇలా రాళ్ళ మీద నుంచి దిగినవే.

అంతకుముందు బొమ్మ అచ్చు వేయాలంటే రాగిరేకు మీదో చెక్క మీదో చెక్కాలి. అది వేరే విద్య. చాలాసార్లు గీసేది ఒకరు, చెక్కేది ఇంకొకరు. రోజులు, వారాలు పట్టేది. రాయి వచ్చాక చిత్రకారుడి చేతి విసురు, ఒత్తిడి, కోపం ఏదీ మధ్యలో జారిపోకుండా కాగితం మీదికి వచ్చేవి. ఈ వారం చట్టసభలో ఒక మంత్రి నోరు జారితే ఆ వారం చల్లారకముందే అతని మొహం అంగడి కిటికీలో వేలాడేది. అచ్చులో బొమ్మ అద్దంలోలా తిరగబడి పడుతుంది కాబట్టి అక్షరాలు మాత్రం రాతి మీద తిప్పి రాయాలి. పని అయిపోయాక రాయిని మళ్ళీ అరగదీసి ఇంకో బొమ్మకు వాడుకునేవారు.

ఈ రాయిని రాజకీయంలోకి దింపిన మనిషి షార్ల్ ఫిలిపోన్. లియోన్ నుంచి పారిస్ వచ్చినవాడు. తనూ బొమ్మలు వేసేవాడు కానీ, అతని అసలు ప్రతిభ ఎవరి చేత ఏ బొమ్మ వేయించాలో తెలియడంలో ఉంది. 1830 నవంబరు 4న ‘లా కారికాచ్యూర్’ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. 1832 డిసెంబరు 1న ‘ల షరివరి’ అనే దినపత్రిక తెచ్చాడు. షరివరి అంటే ఊరికి నచ్చని పెళ్ళి జరిగినప్పుడు ఆ ఇంటి ముందు చేరి గిన్నెలు, పెనాలు మోగిస్తూ చేసే గోల. ఆ పత్రికలో రోజూ ఒక కొత్త బొమ్మ ఉండేది. రాళ్ళు, ప్రెస్‌లు, చందాలు, కోర్టు వాయిదాలు అన్నీ చూసుకుంటూ రోజుకో బొమ్మ తేవడం ఆ కాలానికి ఎంత పెద్ద సాహసమో ఊహించుకోవలసిందే.

లా కారికాచ్యూర్ ఏడాది చందా 52 ఫ్రాంకులు. కూలి చేసుకునేవాడు అంత పెట్టి కొనలేడు. చందాదారుల లెక్క మాత్రమే చూస్తే ఈ పత్రికలు డబ్బున్న కొద్దిమంది వినోదం అనిపిస్తుంది. లూవ్ర్ దగ్గర వేరో-దోదా అనే పైకప్పు ఉన్న దుకాణాల సందులో ఫిలిపోన్ బావ ఓబేర్ కొట్టు ఉండేది. అచ్చయిన ప్రతి బొమ్మనూ ఆ కొట్టు అద్దాల వెనక తగిలించేవారు. చూడటానికి పైసా ఇవ్వక్కర్లేదు. చదవడం రాకపోయినా ఫర్వాలేదు. 1831 డిసెంబరులో ట్రావియెస్ అనే చిత్రకారుడు ఆ కిటికీనే బొమ్మగా వేశాడు. అద్దాల నిండా బొమ్మలు, వాటి ముందు గుమిగూడిన జనం. ప్రభుత్వం తలకాయ భలే తమాషాగా ఉందన్న అర్థంలో కింద ఒక మాట. వ్యాసం అయితే ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని చదువుకుంటారు. బొమ్మ ముందు పదిమంది ఒకేసారి నిలబడి, ఒకేసారి నవ్వి, పక్కవాడు కూడా నవ్వాడని చూసుకుంటారు. పెర్సీల్ మంత్రికి వణుకు పుట్టించింది ఇదే.

ఇక బేరిపండు. పియర్ అని సూపర్ మార్కెట్లలో అమ్ముతారే, అదే. పైన సన్నగా, కింద లావుగా ఉంటుంది. లూయీ ఫిలిప్ మొహం కూడా నుదురు దగ్గర ఇరుకు, బుగ్గలు బరువుగా కిందికి దిగి ఉండేవి. నెత్తిన పాపటతో రేగిన జుట్టు కుచ్చు. ఒకసారి లా కారికాచ్యూర్‌లో ఈ రాజు మేస్త్రీ వేషంలో గోడ మీది జూలై నినాదాలకు సున్నం కొట్టేస్తున్నట్టు బొమ్మ వచ్చింది. రాజును అవమానించారని కేసు పెట్టారు. 1831 నవంబరు 14న విచారణ. రాజు పేరు, కిరీటం ఏవీ బొమ్మలో లేవు, పోలిక ఉంటే అది నేరమా అని ఫిలిపోన్ వాదించాడు. మాటలతో చెప్పి ఊరుకోకుండా అక్కడే నాలుగు బొమ్మలు గీసి చూపించాడు.

మొదటిది రాజు మొహం, ఉన్నది ఉన్నట్టు. రెండోదానిలో బుగ్గలు కొంచెం బరువెక్కాయి, కళ్ళు చిన్నవయ్యాయి. మూడోదానిలో మొహం పలచబడి తొక్కగా మారుతోంది, జుట్టు కుచ్చు ఆకుల్లా విచ్చుకుంది. నాలుగోది వట్టి బేరిపండు. అతని తర్కం కూడా మెట్టు మీద మెట్టే. మొదటి బొమ్మ రాజులా ఉందని శిక్షిస్తే, మొదటిదానిలా ఉన్న రెండోదాన్ని శిక్షించాలి. రెండోదానిలా ఉన్న మూడోదాన్నీ. చివరికి బేరిపండునూ వదలకూడదు. ఫ్రాన్స్‌లో బేరిపండు గీసినవాడినల్లా జైల్లో వేయాలి!

కోర్టు ఒప్పుకోలేదు. ఆరు నెలల జైలు, 2,000 ఫ్రాంకుల జరిమానా వేసింది. పది రోజుల తర్వాత ఆ నాలుగు బొమ్మలూ పత్రికలో వచ్చేశాయి. కేసు ఓడిపోయినా రాజు మొహం మాత్రం ఫిలిపోన్ చేతిలోంచి పోలేదు. ఎందుకంటే ఆ నాలుగు బొమ్మలూ కలిసి చూడటం ఎలాగో నేర్పే ఒక పాఠం. ఒకసారి ఎడమ నుంచి కుడికి చూసినవాడికి ఇక కుడి నుంచి ఎడమకు కూడా కనిపిస్తుంది. బజారులో పండు చూస్తే రాజు గుర్తొస్తాడు. పైగా దీన్ని గీయడానికి చిత్రకళ రానక్కర్లేదు. రెండు వంపులు, పైన ఒక కాడ. పారిస్ గోడల మీద పిల్లలు కూడా గీసేశారు. ఒక చిత్రకారుడు తన బొమ్మను మొత్తం జనం చేతికి ఇచ్చేసిన సందర్భాలు కళాచరిత్రలో అరుదు. ఇది అలాంటిది.

తర్వాత ఏళ్ళలో ఆ పండుతో చేయనిది లేదు. 1832లో ఫిలిపోన్ పారిస్ నడిబొడ్డున, పదహారో లూయీ రాజు తల తెగిన కూడలిలో, ఒక పెద్ద బేరిపండు స్మారకం కట్టాలని ప్రతిపాదిస్తూ బొమ్మ వేశాడు. రాజహత్యకు రెచ్చగొడుతున్నాడన్నారు. మహా అయితే పండ్ల మురబ్బా చేయమని రెచ్చగొట్టానేమో అని అతని జవాబు. 1834లో షరివరి తన మీద వచ్చిన కోర్టు తీర్పును చట్టం ప్రకారం అచ్చు వేయాల్సి వస్తే, అక్షరాలను బేరిపండు ఆకారంలో పేర్చి అచ్చు వేసింది. అదే ఏడాది ఆ నాలుగు మొహాల బొమ్మను మళ్ళీ అచ్చేసి, షరివరి మీద పడ్డ 6,000 ఫ్రాంకుల జరిమానా కట్టడానికి అమ్ముతున్నామని దాని మీదే రాశారు. ఇదంతా సరదాగా సాగిపోయిందనుకోకూడదు. ఈ కేసుల్లో ఫిలిపోన్ మొత్తం మీద ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు.

ఫిలిపోన్ చేరదీసిన వాళ్ళలో అందరికంటే చిన్నవాళ్ళలో ఒకడు ఒనోరె దోమియే. 1808లో మార్సేలో పుట్టాడు. తండ్రి అద్దాలు బిగించే పనివాడు, కవిత్వం పిచ్చితో కుటుంబాన్ని పారిస్ తీసుకొచ్చాడు. కొడుకు చిన్నప్పుడే కోర్టు బంట్రోతు దగ్గర, పుస్తకాల కొట్లో పనికి కుదిరాడు. తర్వాత రోజుల్లో అతను గీసిన లాయర్ల నల్లగౌన్లు, దొంగ కన్నీళ్ళు అంత నిజంగా ఎందుకున్నాయో ఈ బాల్యం చూస్తే కొంత తెలుస్తుంది.

1831 డిసెంబరులో, 23 ఏళ్ళ వయసులో, దోమియే ‘గార్గాంత్యువా’ గీశాడు. పాత ఫ్రెంచి కథల్లో ఎంత తిన్నా కడుపు నిండని రాక్షసుడు గార్గాంత్యువా. ఇక్కడ బేరిపండు తలతో లూయీ ఫిలిప్ పెద్ద ఆసనం మీద కూర్చుని నోరు తెరుచుకుని ఉన్నాడు. నేల నుంచి నోటి దాకా ఒక పొడవాటి పలక వేసి ఉంది. ఒక పక్క చిరిగిన బట్టల జనం తమ చివరి నాణేలు బుట్టల్లో వేస్తుంటే, కూలీలు ఆ బుట్టలు మోసుకుంటూ పలక ఎక్కి రాజు నోట్లో కుమ్మరిస్తున్నారు. ఆ ఆసనం మామూలు సింహాసనం కాదు, మరుగుదొడ్డి కుర్చీ. కింద నుంచి పడుతున్నవి బిరుదులు, పతకాలు, పదవుల ఉత్తర్వులు. వాటిని ఏరుకోవడానికి చిన్న చిన్న పెద్దమనుషులు ఎగబడుతున్నారు. పన్ను ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అన్న లెక్క మొత్తం ఒక్క కాగితంలో ఉంది. బడ్జెట్ మీద పది ఉపన్యాసాలు విన్నా ఇంత స్పష్టంగా అర్థం కాదు.

దోమియేకి, ఓబేర్‌కి, అచ్చు వేసిన ప్రెస్ యజమానికి కూడా శిక్ష పడింది. దోమియేకి ఆరు నెలలు జైలు, 500 ఫ్రాంకులు జరిమానా. మొదట వెంటనే లోపల వేయలేదు. అతను గీయడం ఆపకపోయేసరికి 1832 ఆగస్టు చివర్లో తీసుకెళ్ళి సేంత్ పెలజీ జైల్లో పెట్టారు. శిక్షలో కొంత భాగం మానసిక చికిత్సాలయంలో గడిపాడు.

జరిమానాలు మోయలేనంత అయ్యేసరికి ఫిలిపోన్ ఇంకో ఉపాయం చేశాడు. నెలకో పెద్ద బొమ్మ అచ్చు వేసి ప్రత్యేక చందాదారులకు పంపడం, వచ్చిన డబ్బుతో జరిమానాలు కట్టడం. శిక్షించేకొద్దీ ఇంకా మంచి బొమ్మలు పుట్టే ఏర్పాటు ఇది. దోమియే గొప్ప లిథోలు, అంటే రాతి అచ్చు బొమ్మలు, కొన్ని ఇక్కడే వచ్చాయి. 1834 జనవరిలో ‘శాసనసభ పొట్ట’ వచ్చింది. వంపు తిరిగిన బెంచీల మీద వరసలు వరసలుగా పెద్దమనుషులు, కొందరు కునుకు పాట్లు పడుతున్నారు, పొట్టలు బెంచీల మీంచి పొంగుతున్నాయి. ఆ మొహాలు ఒక్కొక్కటీ ఫలానా మనిషిదని చెప్పగలిగేంత పోలికతో ఉన్నాయి. దోమియే ముందుగా ఆ సభ్యుల తలల్ని మట్టితో పిడికిలంత బొమ్మలుగా చేసి రంగు వేసుకునేవాడు. కాల్చని ఆ మట్టి తలలు 36 ఇప్పటికీ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. లిథోల్లో మొహాలకు ఆ బరువు, ఆ నీడ ఎక్కడి నుంచి వచ్చాయో వాటిని చూస్తే తెలుస్తుంది. అతను ముక్కులూ గడ్డాలూ వేళ్ళతో తడిమి తెలుసుకున్నాడు.

1834 ఏప్రిల్‌లో లియోన్ పట్టు నేతగాళ్ళ తిరుగుబాటు సెగ పారిస్‌కు తాకింది. మళ్ళీ అడ్డుకట్టలు లేచాయి. ట్రాన్స్‌నోనాన్ వీధిలో 12వ నంబరు ఇంటి నుంచి ఎవరో కాల్పులు జరిపారంటూ సైనికులు తెల్లవారుజామున ఆ ఇంట్లోకి చొరబడి, గదుల్లో ఉన్నవాళ్ళను కనీసం 12 మందిని చంపారు. బతికినవాళ్ళు చెప్పింది లెద్రూ-రోలాన్ అనే యువ న్యాయవాది రాసి అచ్చు వేయించాడు. దోమియే దాన్ని రాతి మీద గీశాడు.

ఆ బొమ్మలో సైనికుడు లేడు. తుపాకీ లేదు. రాజు, బేరిపండు లేవు. ఒక చిన్న పడకగది. మంచం మీది దుప్పటి కిందికి జారి ఉంది. దానికి ఆనుకుని నేల మీద ఒక మనిషి పడి ఉన్నాడు. ఒంటి మీద రాత్రి చొక్కా, తలకు నూలు టోపీ. కాళ్ళు చూసేవాళ్ళ వైపు చాచుకుని ఉన్నాయి. పక్కన కుర్చీ బోర్లాపడింది. ముందు మన కళ్ళు ఆ తెల్లచొక్కా మీద పడతాయి. కాసేపటికి అతని ఒంటి కింద ఇంకొకటి ఉందని తెలుస్తుంది, పసిబిడ్డ తల, చిన్న చేతులు. ఎడమ పక్క చీకట్లో ఒక స్త్రీ శవం. కుడి అంచున ఒక ముసలాయన తల మాత్రమే కనిపిస్తుంది, మిగతా ఒళ్ళు బొమ్మ బయటికి పోయింది. కింద వీధి పేరు, తేదీ: 1834 ఏప్రిల్ 15. అంతే. హాస్యం లేదు, ఎవరినీ తిట్టలేదు.

ఇది వ్యంగ్యచిత్రమేనా? వ్యంగ్యచిత్రం సాధారణంగా మొహాన్ని సాగదీస్తుంది, పొట్టను ఉబ్బిస్తుంది. ఇక్కడ దేన్నీ పెంచలేదు. కవి బోద్లేర్ 1857లో ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుల మీద రాస్తూ దీన్ని వ్యంగ్యచిత్రం అనడం కంటే చరిత్ర అనాలని అన్నాడు. ఆ మాట నిజమే కానీ ఇంకొక్క సంగతి కలపాలి. నాలుగేళ్ళుగా ఆ రాజును, ఆ మంత్రులను నవ్వుతూ చూడటం నేర్చుకున్న జనం ముందుకు ఈ బొమ్మ వచ్చింది. నవ్వడానికి వచ్చి కిటికీ ముందు నిలబడ్డవాళ్ళకు నవ్వు గొంతులోనే ఆగిపోయి ఉంటుంది. ముందు వచ్చిన బొమ్మలన్నీ లేకపోతే ఈ నిశ్శబ్దానికి ఇంత బరువు ఉండేది కాదు. రాత్రి టోపీ ఒక్కటి చాలు. నిద్రపోతున్న మనిషి తిరుగుబాటుదారు ఎలా అవుతాడు? ప్రభుత్వ ప్రకటనకు అంతకంటే జవాబు అక్కర్లేదు. పోలీసులు ఆ రాయిని, దొరికిన ప్రతులను పట్టుకుపోయారు. ఆ వీధి పేరు కూడా ఇప్పుడు పారిస్‌లో లేదు, బోబూర్ వీధిలో కలిసిపోయింది. బొమ్మ ఉంది.

1835 జూలై 28న ఫియెస్కి అనేవాడు 25 తుపాకీ గొట్టాలు వరసగా బిగించిన యంత్రంతో రాజు ఊరేగింపు మీద కాల్పులు జరిపాడు. రాజు బతికాడు, 18 మంది చనిపోయారు. ప్రభుత్వానికి కావలసిన సాకు దొరికింది. సెప్టెంబరు చట్టాల ప్రకారం రాసేదానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, గీసేదానికి కావాలి. లా కారికాచ్యూర్ 251 సంచికల తర్వాత ఆగస్టులోనే మూతపడింది.

షరివరి మాత్రం నిలబడింది. రాజును గీయకూడదంటే రాజు చుట్టూ పెరిగిన సమాజాన్ని గీస్తామంది. 1836 నుంచి దోమియే ‘రొబేర్ మకేర్’ వరస మొదలుపెట్టాడు. మకేర్ అప్పటికే నాటకాల్లో ఫ్రెదెరిక్ లెమేత్ర్ అనే నటుడు జనం నోళ్ళలో నానేలా చేసిన దగాకోరు పాత్ర. ఇక్కడ అతను బ్యాంకరు, డాక్టరు, లాయరు, పత్రికాధిపతి, షేర్లు అమ్మేవాడు, సమయాన్ని బట్టి ఏదైనా. మొదటి బొమ్మలోనే తన తోడుదొంగ బెర్త్రాన్‌తో మనం ఒక బ్యాంకు పెడదాం, కోట్లకు కోట్ల షేర్లు జారీ చేద్దాం అంటాడు. మరి పోలీసులో అని వాడు నసుగుతాడు. పిచ్చివాడా, కోటీశ్వరుణ్ణి ఎవరైనా అరెస్టు చేస్తారా అని మకేర్ జవాబు. ఈ మాటలు రాసింది ఫిలిపోన్. దోమియే లిథోల కింద ఉండే మాటలు చాలావరకు ఇతరులు రాసినవే. వంద బొమ్మల ఈ వరసను చూస్తే సెన్సార్ ఒక విధంగా బెడిసికొట్టిందనిపిస్తుంది. రాజు పోతే బేరిపండు పాతబడుతుంది. చిట్టీల పేరుతో, స్కీముల పేరుతో ముంచేవాడు ఉన్నంతకాలం మకేర్ పాతబడడు.

సెన్సార్ అన్నివిధాలా మంచే చేసిందని కాదు. పైవాళ్ళను కొట్టే దారి మూసేస్తే వ్యంగ్యం పక్కవాళ్ళ మీదికి, కిందివాళ్ళ మీదికి తిరుగుతుంది. దోమియే 1844లో రచయిత్రులను, చదువుకున్న ఆడవాళ్ళను ఎగతాళి చేస్తూ గీసిన ‘నీలి మేజోళ్ళు’ వరస అలాంటిదే. గీత అంతే గొప్పది. చూపు మాత్రం చిన్నబోయింది. ఆ వరసను దాచిపెట్టి దోమియేను పొగడటం సరికాదు.

మిగతావాళ్ళలో గ్రాన్‌విల్ మనుషుల ఒంటికి జంతువుల తలలు పెట్టాడు. ఆన్రీ మొన్నియే ఉత్త మాటల పెద్దమనిషి ప్రూదొమ్‌ను సృష్టించాడు. గావర్నీ, షామ్, ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకోకముందు నదార్, అందరూ ఈ పత్రికల్లో పెరిగినవాళ్ళే.

1848లో మళ్ళీ విప్లవం, మళ్ళీ స్వేచ్ఛ. 1851 డిసెంబరులో అధ్యక్షుడు లూయీ నెపోలియన్ కుట్రతో అధికారం లాక్కున్నాడు. మరుసటి ఏడాదే బొమ్మలకు ముందస్తు అనుమతి తిరిగొచ్చింది. ఈసారి ఎవరి బొమ్మ గీస్తారో ఆ మనిషి ఒప్పుకుంటూ రాసిచ్చిన కాగితం కూడా కావాలన్నారు. 1860ల్లో ఆంద్రే గిల్ అనే చిత్రకారుడు ఆ అనుమతి ఉత్తరాలను వాళ్ళ చేతిరాతతోనే బొమ్మ పక్కన అచ్చు వేసేవాడు. అతను బొమ్మలు వేసే పత్రిక ‘లా లూన్’, అంటే చంద్రుడు, మూతపడితే ‘లెక్లిప్స్’, అంటే గ్రహణం, అనే పేరుతో ఇంకోటి వచ్చింది. 1868లో అందులో వేసిన ఒక ఖర్బూజా పండు బొమ్మ మీద కూడా కేసు పెట్టారు. బేరిపండు గీసినవాడినల్లా జైల్లో వేస్తారా అని ఫిలిపోన్ అడిగి అప్పటికి 37 ఏళ్ళయింది.

దోమియే మొత్తం దాదాపు 4,000 లిథోలు గీశాడు. దశాబ్దాల పాటు వారం వారం రాళ్ళ మీద వంగి పనిచేసిన మనిషికి చివర్లో చూపు దాదాపు పోయింది. 1879 ఫిబ్రవరిలో పారిస్ దగ్గర వాల్మొందువా అనే పల్లెలో చనిపోయాడు. బొమ్మలకు ముందస్తు అనుమతి అక్కర్లేదని ఫ్రాన్స్ చట్టం చేసింది 1881 జూలై 29న.